బొమ్మ వస్తోంది, కెమెరా మాత్రం తిరగట్లేదా? పీటీజెడ్‌ని రికార్డర్‌కి కలిపే పద్ధతి

మామూలు బుల్లెట్ కెమెరాలు ఎన్నో బిగించినవాళ్లు కూడా పీటీజెడ్ (పక్కలకీ, పైకీ కిందకీ తిరిగి జూమ్ కూడా చేసే కెమెరా) దగ్గరికొచ్చేసరికి ఆగిపోతారు. వైరు కలిపారు, టీవీలో బొమ్మ చక్కగా వచ్చింది, మౌస్‌తో ఎడమ బాణం నొక్కితే మాత్రం కెమెరా కదలదు. ఇక పాడైందేమో అని షాపుకి ఫోన్లు, మళ్లీ డబ్బాలో పెట్టి వెనక్కి పంపడాలు. చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది. బొమ్మ కెమెరా నుంచి రికార్డర్‌కి వస్తుంది, తిరగమనే కమాండ్ రికార్డర్ నుంచి కెమెరాకి వెళ్తుంది, ఈ రెండూ వేర్వేరు పనులు. బొమ్మ వచ్చినంత మాత్రాన కమాండ్ వెళ్తోందని కాదు. ఈ తేడా మనసులో పెట్టుకుని పని మొదలుపెట్టండి, ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం తేలికవుతుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని చెప్తాను. మిర్యాలగూడ వైపు ఉండే రైస్ మిల్లు లాంటిది ఒకటి అనుకోండి. గేటు, లారీల కాటా, గోడౌన్ తలుపులు, మధ్యలో పెద్ద ఖాళీ జాగా. ఆ జాగాలో స్తంభం మీద తిరిగే కెమెరా, 80 మీటర్ల దూరంలో ఆఫీసు గదిలో రికార్డర్. మీది అపార్ట్‌మెంట్ అయినా, ఫంక్షన్ హాలు అయినా పని ఇదే.

కొనే ముందు రికార్డర్ వెనక చూడండి

రికార్డర్‌ని వెనక్కి తిప్పి చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తుంది. గుండ్రటి బీఎన్‌సీ పోర్టులు వరసగా ఉంటే అది డీవీఆర్, దానికి అనలాగ్ హెచ్‌డీ పీటీజెడ్ కావాలి. నెట్‌వర్క్ పోర్టులే ఉంటే ఎన్‌వీఆర్, దానికి ఐపీ పీటీజెడ్, అంటే నెట్‌వర్క్ కేబుల్‌తో కలిసేది. ఇప్పటి డీవీఆర్‌లు చాలావరకు ఒకటి రెండు ఐపీ కెమెరాలని కూడా తీసుకుంటాయి కాబట్టి ఉన్న డీవీఆర్‌ని పక్కన పడేయక్కర్లేదు, మాన్యువల్‌లో ఐపీ చానళ్లు ఎన్ని అని ఒకసారి చూసుకోండి.

డీవీఆర్ అయితే ఇంకోటి చూడాలి. వెనక ఎక్కడో చిన్న పచ్చ కనెక్టర్ ఉండి, దాని పక్కన 485 అనో, ఏ-బీ అనో, డీ ప్లస్-డీ మైనస్ అనో రాసి ఉంటుంది. కమాండ్ వెళ్లే ద్వారం అదే. చవక నాలుగు చానళ్ల డీవీఆర్‌లలో చాలావాటికి ఇది ఉండదు. లేకపోతే కమాండ్‌ని కూడా బొమ్మ వచ్చే కోయాక్స్ కేబుల్ మీదే పంపగలిగే కెమెరా తీసుకోవాలి, దాని సంగతి కింద చెప్తాను. షాపులో "ఏదైనా పనిచేస్తుంది సార్" అన్నా మీ డీవీఆర్ మోడల్ నంబర్ చెప్పి, తిరుగుడు కూడా పనిచేస్తుందా అని విడిగా అడగండి. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీటీవీ కెమెరాలకి ఎస్‌టీక్యూసీ అనే ప్రభుత్వ సంస్థ పరీక్ష తప్పనిసరి అయింది, కాబట్టి ఆ సర్టిఫికెట్ ఉన్న మోడలేనా అని కూడా అడిగితే మంచిది.

స్తంభం ఎక్కకముందు టేబుల్ మీద

ఈ మెట్టు మాత్రం దయచేసి దాటేయకండి. కెమెరాని ఆఫీసు గదిలోనే టేబుల్ మీద పెట్టి, రెండు మీటర్ల వైరుతో రికార్డర్‌కి కలిపి, అన్ని వైపులా తిప్పి, జూమ్ చేసి, అప్పుడు స్తంభం ఎక్కండి. చిన్న స్విచ్ ఒకటి మార్చడానికి ఎండలో నిచ్చెన ఎక్కి దిగడం కష్టం మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

కరెంటు ఇచ్చేముందు కెమెరా తల చుట్టూ ఉన్న ఫోమ్ ముక్కలు, టేపులు, లెన్స్ మూత తీసేయండి. పవర్ రాగానే పీటీజెడ్ తనంతట తాను ఒకసారి చుట్టూ తిరిగి, పైకి కిందకి వంగి సరిచూసుకుంటుంది. ఆ సమయంలో ఏదైనా అడ్డుపడితే మోటారు మీద, గేర్ల మీద భారం పడుతుంది. తిరిగేటప్పుడు చేత్తో పట్టుకుని ఆపకండి. ఆ మొదటి తిరుగుడు అప్పుడే చాలా కెమెరాలు తెర మీద తమ అడ్రస్, బాడ్ రేట్, ప్రోటోకాల్ అక్షరాల్లో చూపిస్తాయి (ఇవేంటో కింద చెప్తాను). ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత వెతుక్కునే పని తప్పుతుంది.

డీవీఆర్‌కి రెండు వైర్ల పద్ధతి

అనలాగ్ పీటీజెడ్‌కి మూడు కలుపులు. బొమ్మకి కోయాక్స్, కమాండ్‌కి ఆర్‌ఎస్-485 అనే రెండు వైర్లు, ఇక కరెంటు. కోయాక్స్ సంగతి మీకు తెలిసిందే, బీఎన్‌సీ గట్టిగా తిప్పి పెట్టండి, చాలు.

485కి క్యాట్6 కేబుల్‌లోంచి ఒక జత తీసుకోవడం మేలు, అంటే ఒకదానికొకటి మెలేసి ఉన్న రెండు వైర్లు, ఉదాహరణకి నీలం, నీలం-తెలుపు. వేర్వేరు జతల్లోంచి ఒక్కో వైరు తీసుకోకండి, ఆ మెలికే బయటి గోలని ఆపుతుంది. డీవీఆర్ మీద ప్లస్ లేదా ఏ అని ఉన్నది కెమెరా ప్లస్‌కి, మైనస్ లేదా బీ అని ఉన్నది కెమెరా మైనస్‌కి. కంపెనీని బట్టి ఏ, బీ పేర్లు తారుమారు అవుతుంటాయి, అందుకే పేరు సరిపోయినా కెమెరా కదలకపోతే రెండు వైర్లు అటుదిటు మార్చి చూడండి. తారుమారుగా కలిపితే కెమెరా ఏమీ కాలిపోదు, తిరగదంతే. దూరం గురించి టెన్షన్ వద్దు, 485 సరిగ్గా వేస్తే 1200 మీటర్ల దాకా వెళ్తుంది, మన 80 మీటర్లు దానికి లెక్కే కాదు.

ఒకే డీవీఆర్‌కి రెండు మూడు పీటీజెడ్‌లు ఉంటే ఒక్కోదానికి డీవీఆర్ నుంచి విడివిడిగా వైరు లాగకండి. మొదటి కెమెరా దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి రెండోదానికి, అక్కడి నుంచి మూడోదానికి, అలా గొలుసులా వెళ్లాలి. దూరం బాగా ఎక్కువై కెమెరా ఒక్కోసారి తిరిగి ఒక్కోసారి తిరగకుండా ఉంటే, చివరి కెమెరా దగ్గర రెండు వైర్ల మధ్య 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. కొన్ని కెమెరాల్లో దానికి స్విచ్చే ఉంటుంది.

ఇప్పుడు సెట్టింగులు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కెమెరాలో మూడు, డీవీఆర్‌లో అవే మూడు, ఒక్క అక్షరం తేడా లేకుండా సరిపోవాలి: ప్రోటోకాల్, అడ్రస్, బాడ్ రేట్.

ప్రోటోకాల్ అంటే కమాండ్ రాసే భాష. ఎక్కువ కెమెరాలకి పెల్కో-డీ తెలుసు, దాంతో మొదలుపెట్టండి. పెల్కో-పీ పెడితే మాత్రం అడ్రస్ లెక్క ఒకటి తేడా రావచ్చు, కెమెరాలో 1 ఉంటే డీవీఆర్‌లో 2 పెట్టాల్సి రావడమో, దానికి ఉల్టా అవడమో చూస్తాం. అడ్రస్ అంటే ఆ కెమెరా ఇంటి నంబర్, రెండు పీటీజెడ్‌లకి ఒకే నంబర్ ఉంటే ఒక బాణానికి రెండూ తిరుగుతాయి. పాత రకం కెమెరాల లోపల చిన్న డిప్ స్విచ్‌లు ఉంటాయి, వాటి విలువలు వరసగా 1, 2, 4, 8, 16, 32, 64, 128. ఆన్ చేసినవాటిని కూడితే అడ్రస్. 5 కావాలంటే మొదటిదీ మూడోదీ ఆన్, ఎందుకంటే 1, 4 కలిపితే 5. స్విచ్ మార్చాక కెమెరాకి పవర్ తీసి మళ్లీ ఇవ్వాలి, లేకపోతే పాత నంబరే పట్టుకుని ఉంటుంది. కొత్త కెమెరాల్లో ఇదంతా తెర మీద వచ్చే మెనూలో ఉంటుంది, చాలా కంపెనీల్లో 95వ ప్రీసెట్‌ని (కెమెరా చూపుని ఒక నంబరుతో దాచుకునేదే ప్రీసెట్) పిలిస్తే ఆ మెనూ తెరుచుకుంటుంది.

బాడ్ రేట్ అంటే కమాండ్ వెళ్లే వేగం, సాధారణంగా 2400 లేదా 9600. డీవీఆర్ మెనూలో పీటీజెడ్ అన్న భాగానికి వెళ్లి, మీ కెమెరా ఏ చానల్‌లో ఉందో ఆ చానల్ ఎంచుకుని, ఈ మూడూ నింపండి. డేటా బిట్ 8, స్టాప్ బిట్ 1, పారిటీ నన్. సేవ్ నొక్కాకే బయటికి రండి. చానల్ మర్చిపోవడం చాలా మామూలు పొరపాటు, కెమెరా ఐదో చానల్‌లో ఉంటే సెట్టింగ్ మొదటి చానల్‌కి పెట్టి కూర్చుంటారు.

ఇంతా చేసినా కదలకపోతే మల్టీమీటర్ తీయండి. డీసీ వోల్టుల్లో పెట్టి, కెమెరా దగ్గర 485 వైర్ల మధ్య పట్టుకుని, ఇంకొకరిని డీవీఆర్ దగ్గర బాణం నొక్కి పట్టుకోమనండి. అంకె ఊగితే కమాండ్ కెమెరా దాకా వస్తోంది, తప్పు మూడు సెట్టింగుల్లో ఉంది. అంకె కొంచెం కూడా కదలకపోతే వైరు తెగిందో, డీవీఆర్ చివర స్క్రూ పట్టలేదో, చానల్ తప్పో చూడాలి.

కోయాక్స్ మీదే కమాండ్

టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అనే అనలాగ్ హెచ్‌డీ రకాల్లో చాలా పీటీజెడ్‌లు కమాండ్‌ని అదే కోయాక్స్‌లో అందుకుంటాయి. 485 వైరు అక్కర్లేదు. డీవీఆర్ పీటీజెడ్ మెనూలో ప్రోటోకాల్ దగ్గర పెల్కో కాకుండా యూటీసీ అనో, కోయాక్సిట్రాన్ అనో, దహువా రకం డీవీఆర్‌లలో కంట్రోల్ మోడ్ దగ్గర సీరియల్ బదులు హెచ్‌డీసీవీఐ అనో ఎంచుకోవాలి. ఒక్కటే షరతు: కేబుల్ కెమెరా నుంచి డీవీఆర్ దాకా నేరుగా రావాలి. మధ్యలో స్ప్లిటర్ గానీ యాంప్లిఫయర్ గానీ ఉంటే బొమ్మ దాటుతుంది, కమాండ్ అక్కడే ఆగిపోవచ్చు. కొత్తగా వేస్తున్న చోట నేనైతే ఇదే చెప్తాను, కలుపు తగ్గితే చెడిపోయే చోటు కూడా తగ్గుతుంది.

కరెంటు దగ్గర పిసినారితనం వద్దు

మామూలు కెమెరాకి 12 వోల్టులు ఒక ఆంపియర్ అడాప్టర్ సరిపోతుంది, ఆ అలవాటుతో పీటీజెడ్‌కి కూడా ఆఫీసులోని ఎస్‌ఎంపీఎస్ (కెమెరాలకి కరెంటు ఇచ్చే డబ్బా) నుంచే 3+1 కేబుల్‌లో కోయాక్స్ పక్కన ఉండే సన్న వైర్లతో కరెంటు లాగేస్తారు. లెక్క చూడండి. అర స్క్వేర్ ఎంఎం రాగి వైరు 80 మీటర్లు అంటే రానూ పోనూ 160 మీటర్లు, దాని నిరోధం సుమారు 6 ఓమ్‌లు. కెమెరా 1.5 ఆంపియర్లు లాగితే 9 వోల్టులు దారిలోనే పోతాయి. ఇంక కెమెరాకి మిగిలేదేముంది? దూరం కొంచెం తక్కువైతే ఇంకో చిక్కు, పగలంతా బాగానే ఉంటుంది, సాయంత్రం చీకటి పడగానే కెమెరా చీకట్లో చూడ్డానికి వాడే ఐఆర్ లైట్లు వెలుగుతాయి, కరెంటు లాగడం పెరుగుతుంది, వోల్టేజ్ పడిపోతుంది, కెమెరా ఆగి మళ్లీ మొదలై చుట్టూ తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. రాత్రిళ్లు మాత్రమే రీస్టార్ట్ అయ్యే పీటీజెడ్ కనిపిస్తే కెమెరాని కాదు, ముందు పవర్ వైర్‌ని అనుమానించండి.

సరైన పని ఏంటంటే 230 వోల్టుల లైన్‌ని విడి పైపులో స్తంభం దాకా తీసుకెళ్లి, వాన తగలని డబ్బా పెట్టి, అడాప్టర్ అక్కడే ఉంచడం. కెమెరాతో ఇచ్చిన అడాప్టరే వాడండి, కొన్ని పీటీజెడ్‌లు 24 వోల్టుల ఏసీతో నడుస్తాయి, వాటికి 12 వోల్టుల డీసీ పెట్టడం గానీ, 12 వోల్టుల కెమెరాకి 24 వోల్టుల ఏసీ పెట్టడం గానీ చేయకూడదు, మీద రాసింది చదివి కలపండి. 230 లైన్ పనిని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ఆ లైనూ, బొమ్మ-కమాండ్ వైర్లూ ఒకే పైపులో వెళ్లకూడదు. ఖాళీ జాగాలో నిలువు స్తంభం అంటే పిడుగులకి భయం ఉంటుంది కాబట్టి స్తంభానికి విడిగా ఎర్తింగ్, కేబుల్స్‌కి సర్జ్ ప్రొటెక్టర్లు పెట్టించుకోండి, కోయాక్స్‌కి ఒకటి పెట్టి 485ని వదిలేస్తే పిడుగు ఆ దారిలో డీవీఆర్‌లోకి వస్తుంది.

ఎన్‌వీఆర్‌కి ఐపీ పీటీజెడ్

ఇక్కడ బొమ్మ, కమాండ్, చాలాసార్లు కరెంటు కూడా ఒకే క్యాట్6 కేబుల్‌లో వెళ్తాయి. వినడానికి తేలికే, రెండు మూడు చోట్ల జాగ్రత్త కావాలి.

మొదటిది పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) ఎన్ని వాట్లు ఇస్తుందన్నది. పోర్టు దగ్గర 802.3ఏఎఫ్ అయితే 15.4 వాట్లు, ఏటీ అయితే 30 వాట్లు, బీటీ అయితే 60 నుంచి 90 దాకా. చిన్న పీటీజెడ్‌లకి ఏఎఫ్ సరిపోవచ్చు, పెద్ద స్పీడ్ డోమ్‌లకి ఏటీ గానీ అంతకంటే ఎక్కువ గానీ కావాలి, కెమెరా షీటులో గరిష్ఠ వాట్లు చూసుకోండి. ఎన్‌వీఆర్ అన్ని పోర్టులకీ కలిపి ఇచ్చే మొత్తానికి కూడా హద్దు ఉంటుంది. సరిపోకపోతే మధ్యలో విడిగా పీవోఈ ఇంజెక్టర్ పెట్టుకోవచ్చు.

రెండోది కేబుల్. చవకగా వచ్చే సీసీఏ కేబుల్ లోపల అల్యూమినియం, పైన రాగి పూత. బ్లేడుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది. పీటీజెడ్‌కి అది వద్దే వద్దు, పవర్ పడిపోతుంది, కనెక్టర్లు వేడెక్కుతాయి. పూర్తి రాగి క్యాట్6, 100 మీటర్లలోపు. అంతకు మించితే ఫైబర్ వేసి మీడియా కన్వర్టర్లు పెట్టుకోవాలి.

కెమెరాని ఎన్‌వీఆర్ వెనక పీవోఈ పోర్టులో నేరుగా పెడితే, ఒకే కంపెనీవి అయితే, ఎన్‌వీఆర్ దానికి తనే ఐపీ ఇచ్చి చేర్చుకుంటుంది. స్విచ్ ద్వారా కలిపితే మాత్రం ఐపీ మీరే చూసుకోవాలి. హైక్‌విజన్ కెమెరా 192.168.1.64తో, దహువా 192.168.1.108తో వస్తాయి. మీ ఇంట్లో జియో రౌటర్ ఉంటే నెట్‌వర్క్ 192.168.29తో మొదలవుతుంది, అందుకే కెమెరా వెలుగుతూనే ఉన్నా ఎన్‌వీఆర్ దాన్ని పలకరించలేదు. హైక్‌విజన్‌కి ఎస్ఏడీపీ, దహువాకి కాన్ఫిగ్‌టూల్ అని కంప్యూటర్‌లో వేసుకునే చిన్న సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, అవి వేరే నెట్‌వర్క్ నంబర్ ఉన్న కెమెరాని కూడా కనిపెట్టి ఐపీ మార్చనిస్తాయి. కొత్త కెమెరాకి మొదటిసారి పాస్‌వర్డ్ మీరే పెట్టి యాక్టివేట్ చేయాలి. ఐపీని ఫిక్స్ చేసేయండి, రౌటర్ ఇష్టానికి వదిలితే కరెంటు పోయి వచ్చినప్పుడు మారిపోవచ్చు.

కెమెరా ఒక కంపెనీ, ఎన్‌వీఆర్ ఇంకో కంపెనీ అయితే ఆన్‌విఫ్ మీద కలపాలి. 2008లో యాక్సిస్, బాష్, సోనీ కలిసి మొదలుపెట్టిన ఉమ్మడి పద్ధతి ఇది. హైక్‌విజన్ కెమెరాల్లో ఆన్‌విఫ్ ఆఫ్‌లో ఉంటుంది, కెమెరా బ్రౌజర్ పేజీలో నెట్‌వర్క్ సెట్టింగుల కింద దాన్ని ఆన్ చేసి, ఆన్‌విఫ్‌కి విడిగా ఒక యూజర్‌ని సృష్టించాలి. ఆ యూజర్ స్థాయి అడ్మినిస్ట్రేటర్ ఉండాలి, తక్కువ స్థాయి ఇస్తే బొమ్మ చూసే హక్కు ఉండి తిప్పే హక్కు లేకపోవచ్చు. ఎన్‌వీఆర్‌లో కెమెరా చేర్చేటప్పుడు ప్రోటోకాల్ ఆన్‌విఫ్ ఎంచుకుని ఆ యూజర్, పాస్‌వర్డ్ ఇవ్వండి. పాస్‌వర్డ్ కరెక్టే అయినా తప్పంటుంటే రెండింటిలో టైమ్, తేదీ ఒకటేనా చూడండి, తేడా ఎక్కువుంటే ఆన్‌విఫ్ లోపలికి రానివ్వదు.

ఆర్‌టీఎస్‌పీ లింక్‌తో చేర్చితే బొమ్మ వస్తుంది, కెమెరా తిరగదు. అది బొమ్మ దారి మాత్రమే. ఇళ్లలో వాడే చిన్న వైఫై తిరిగే కెమెరాల్లో కూడా ఇదే గమనించాలి. టాపో సీ200 లాంటిది అయితే ఫోన్ యాప్‌లో కెమెరా అకౌంట్ అని ఒక యూజర్‌ని సృష్టించి, ఎన్‌వీఆర్‌లో ఆన్‌విఫ్ పోర్టు 80 బదులు 2020 ఇస్తే బొమ్మా వస్తుంది, తిరుగుతుంది కూడా. ఆన్‌విఫ్ అసలు లేని యాప్ కెమెరాలు కొన్ని ఉన్నాయి, వాటిని రికార్డర్‌కి కలపాలని గంటలు పోగొట్టుకోకండి.

ప్రీసెట్లు, పార్క్

కలిపారు, తిరుగుతోంది. పని అయిపోలేదు. పీటీజెడ్ ఏ వైపు చూస్తే ఆ వైపే రికార్డ్ అవుతుంది. ఎవరో లారీని జూమ్ చేసి చూసి అలాగే వదిలేసి వెళ్తే రాత్రంతా కెమెరా గోడనే చూస్తూ ఉంటుంది, గేటు దగ్గర జరిగింది ఎక్కడా ఉండదు. అందుకే గేటుకీ కాటాకీ కదలని కెమెరాలు ఒక్కోటి తప్పకుండా ఉండాలి, పీటీజెడ్ వాటికి తోడు, వాటి బదులు కాదు. ఖర్చు తగ్గించుకుందామని నాలుగు కెమెరాల పని ఒక్క పీటీజెడ్‌తో కానిచ్చేద్దాం అనుకునేవాళ్లకి నేను మొదట చెప్పే మాట ఇదే.

గేటు, కాటా, గోడౌన్ తలుపు, లారీలు ఆగే చోటు, ఈ నాలుగింటినీ 1 నుంచి 4 ప్రీసెట్లుగా సేవ్ చేయండి. తర్వాత పార్క్ యాక్షన్ ఆన్ చేసి, ఎవరూ ముట్టుకోకపోతే 30 సెకన్లకో నిమిషానికో మొదటి ప్రీసెట్‌కి తిరిగి వచ్చేట్టు పెట్టండి. కరెంటు పోయి వస్తే పాత చోటికే వెళ్లే మెమరీ సెట్టింగ్ కూడా ఆన్‌లో ఉంచండి. పగలూ రాత్రీ ఆగకుండా తిరిగే టూర్ పెట్టకండి, గేర్లు తొందరగా అరుగుతాయి, చూసేవాళ్లకీ ఏమీ అర్థం కాదు. కావాలంటే రాత్రి వేళ మాత్రం ప్రతి ప్రీసెట్ దగ్గర అర నిమిషం ఆగేలా పెట్టుకోండి.

కెమెరా కదిలితే రికార్డర్ దాన్ని కూడా కదలికే అనుకుంటుంది, అందుకే పీటీజెడ్ చానల్‌కి మోషన్ రికార్డింగ్ కాకుండా కంటిన్యూయస్ పెట్టండి. 4 ఎంబీపీఎస్ దగ్గర రోజుకి సుమారు 43 జీబీ, 30 రోజులకి 1.3 టీబీ, ఇది ఒక్క చానల్ లెక్క. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థల్ని 30 రోజుల రికార్డింగ్ ఉంచమంటుంది, కాబట్టి హార్డ్ డిస్క్ ఆ లెక్కతోనే కొనండి.

జూమ్ ఉంది కదా అని పక్కింటి కిటికీలు, మేడలు కనిపించే వైపు వదలకూడదు. ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది, ఆ భాగాన్ని నల్లగా కప్పేయండి. ఇరుగుపొరుగుకి ఆ మాట ముందే చెప్పి, తెర మీద చూపిస్తే గొడవలు రావు.

చివరగా స్తంభం మీద బిగించేటప్పుడు కనెక్టర్ తోకల్ని గాల్లో వేలాడనివ్వకండి, డబ్బా లోపల పెట్టి, వైరు డబ్బాలోకి వెళ్లే ముందు కిందకి ఒక వంపు వచ్చేలా వదిలితే వాన నీరు ఆ వంపు దగ్గర కారిపోతుంది. నెట్‌వర్క్ కేబుల్ అయితే క్రింపింగ్ చేయకముందే వాటర్‌ప్రూఫ్ మూతని వైరులోకి ఎక్కించాలి. మిల్లు అంటే ఊక దుమ్ము ఎలాగూ ఉంటుంది, గాజు మీద పేరుకుంటే రాత్రి ఐఆర్ వెలుగు ఆ దుమ్ము మీదే పడి బొమ్మంతా తెల్లగా పొగలా వస్తుంది, నెలకోసారైనా మెత్తటి తడి గుడ్డతో తుడిపించండి. అడ్రస్, బాడ్ రేట్, ప్రోటోకాల్ లేదా ఐపీ నంబర్ ఒక కాగితం మీద రాసి డబ్బా మూత లోపల అంటించండి, పాస్‌వర్డ్ మాత్రం అక్కడ రాయకండి.